మెర్జ్‌బో ‘మెర్జ్‌బీట్’ (2002): బీటు పెట్టాక కూడా అది నాయిసేనా?

చెవిలో జోరీగ (విశాఖ) | శుక్రవారం, రాత్రి 10:42

నమస్తే అందరికీ. నేను మామూలుగా మెటల్ విభాగంలోనే తిరుగుతుంటాను, ఈ పక్కకి రావడం తక్కువ. ఇదివరకు ఎవరో చెబితే, రొదనే సంగీతంగా చేసే జపాన్ నాయిస్ కళాకారుడు మెర్జ్‌బో ‘పల్స్ డీమన్’ ఆల్బమ్ పెట్టాను. రెండో ట్రాక్ దాటలేకపోయాను. ఇంక ఈయన మనకి పడడు అని వదిలేశాను. ఈ వారం అదే మనిషి ‘మెర్జ్‌బీట్’ చేతికి చిక్కింది. వింటుంటే తల దానంతట అదే ఊగుతోంది!

‘ప్రమోషన్ మ్యాన్’లో డ్రమ్స్ ముక్క ఒకటి గిరగిరా తిరుగుతూ ఉంటుంది, దానిమీద ఆయన రొద కుమ్మరిస్తూ పోతాడు. ‘ఫర్గాటెన్ ల్యాండ్’ ఇంకా బరువు. బేస్ గిటార్ లేదు, రిఫ్ లేదు, పాడేవాడు లేడు. అయినా డూమ్ మెటల్ విన్నంత బరువు ఛాతీ మీద పడుతోంది. అదెక్కడి నుంచి వస్తోంది?

ఇంకో సందేహం. బయట ఫోరాల్లో దీన్ని చాలామంది ‘కొత్తవాళ్ళ కోసం తీసిన మెర్జ్‌బో’ అని తీసిపారేస్తున్నారు. బీటు ఉంటే తప్పేంటి?

---

సైలెన్స్ ప్లీజ్ | శుక్రవారం, రాత్రి 10:58

మా పక్క స్థలంలో బోరు వేస్తున్నారు. రేపు రికార్డు చేసి పంపనా? బీటు కూడా ఉంది. లిమిటెడ్ ఎడిషన్, ఒకటే కాపీ.

---

ఓరుగల్లు పోరడు | శుక్రవారం, రాత్రి 11:05

అన్నా వచ్చిండు, మొదలువెట్టిండు 😂

జోరీగ తమ్మీ, నువ్వు ఆయన మాట పట్టించుకోకు. మెర్జ్‌బీట్ మస్తుంటది. కానీ బరువు కావాల్నంటే నువ్వు అసలు జెని గేవా అనే జపాన్ బ్యాండ్ ఇన్నవా? మెటల్ నుంచి వచ్చినోళ్ళకు అది సక్కగ ఎక్కుతది. రేపు పొద్దుగాల వివరంగ రాస్త, ఇప్పుడు నిద్రొస్తున్నది.

---

టేపురీలు (హైదరాబాద్) | శనివారం, ఉదయం 6:20

జోరీగ గారూ, ‘కొత్తవాళ్ళ కోసం’ అనే మాట అన్నవాళ్ళు మెర్జ్‌బోని 1996 నుంచి మొదలుపెట్టి 1996 దగ్గరే ఆపేసినవాళ్ళు. మొత్తం కథ చూస్తే మెర్జ్‌బీట్‌లో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు.

ఆయన అసలు పేరు మసామి అకితా, 1956లో టోక్యోలో పుట్టాడు. స్కూలు రోజుల్లో ప్రోగ్రెసివ్ రాక్ వాయించే కుర్రాళ్ళ బృందాల్లో ఈయన డ్రమ్మర్. ఇది చాలామంది మర్చిపోయే సంగతి. ఆ పరిచయాల్లోంచే కియోషి మిజుతాని వచ్చాడు, తొలి రోజుల్లో మెర్జ్‌బో అంటే వీళ్ళిద్దరూ కలిపి. తమగావా యూనివర్సిటీలో చిత్రకళ చదివాడు. 1979లో మెర్జ్‌బో మొదలైంది. పేరు జర్మన్ కళాకారుడు కుర్ట్ ష్విట్టర్స్ ఇంట్లో చెత్తా చెదారంతో కట్టిన నిర్మాణం నుంచి తీసుకున్నది. సొంతంగా లోయెస్ట్ మ్యూజిక్ అండ్ ఆర్ట్స్ అని లేబుల్ పెట్టుకుని క్యాసెట్లు కాపీ చేసి, జిరాక్స్ కొల్లాజులు కవర్లుగా చుట్టి పోస్టులో దేశదేశాలకి పంపేవాడు. ఆ క్యాసెట్లు వినండి. ఇనుప సామాను వాయించడం, టేపు లూపులు (ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ) తిరగడం, అంతా చేతి దెబ్బే.

90ల్లో వాల్యూము పెరిగింది. ‘వెనెరియాలజీ’ (1994), ‘పల్స్ డీమన్’ (1996), ఈ రెండూ అమెరికాలో మెటల్ లేబుల్ రిలాప్స్ వాళ్ళ ‘రిలీజ్’ అనే ఉపలేబుల్ నుంచి వచ్చాయి. మెటల్ శ్రోతలకి ఈయన పరిచయమైంది ఆ దారినే. దాంతో ‘మెర్జ్‌బో అంటే గోడలాంటి రొద, లయ అనేదే ఉండదు’ అని ఒక ముద్ర పడిపోయింది.

కానీ 1999లోనే ‘డోర్ ఓపెన్ ఎట్ 8 ఎ.ఎమ్.’ వచ్చింది, మాంట్రియల్‌లోని ఏలియన్8 నుంచి. జాజ్ ప్రభావంతో చేసింది. అందులో ఒక ట్రాక్ పేరే ‘టోనీ విలియమ్స్ డెత్‌స్పేస్’. జాజ్ డ్రమ్మర్ పేరు పెట్టుకున్న మనిషిని పట్టుకుని ‘2002లో ఉన్నట్టుండి బీటు పట్టుకున్నాడు’ అంటే ఎలా?

ఇక 1999, 2000 ప్రాంతాల్లో ఆయన పాత సామగ్రి పక్కన పెట్టి ల్యాప్‌టాప్‌కి మారాడు. లూపు కత్తిరించి, తిప్పి, చెడగొట్టడం ల్యాప్‌టాప్‌లో చాలా తేలిక. మెర్జ్‌బీట్‌ని ఇంపార్టెంట్ రికార్డ్స్ వేసింది, ‘అమ్లక్స్’ వేసింది కూడా వాళ్ళే, అదీ 2002లోనే. రెండూ పక్కపక్కన పెట్టి వినండి.

---

చెవిలో జోరీగ | శనివారం, ఉదయం 8:11

గురువు గారూ, మీ దగ్గర మెర్జ్‌బాక్స్ ఉందా ఏంటి కొంపదీసి? ఆ 50 సీడీల పెట్టె?

---

టేపురీలు | శనివారం, ఉదయం 8:30

లేదు బాబూ. ఉంటే ఇంట్లో నేను ఉండను.

---

మిక్సింగ్ రూమ్ (హైదరాబాద్) | శనివారం, ఉదయం 11:47

నేను సినిమాలకి సౌండ్ మిక్సింగ్ చేస్తాను. ‘బరువు ఎక్కడి నుంచి వస్తోంది’ అన్న ప్రశ్న బాగుంది, అందుకే లాగిన్ అయ్యాను. ఆల్బమ్ లోపలి సెషన్లు నేను చూడలేదు కాబట్టి, ఇలాంటి శబ్దం ఎలా తయారవుతుందో మాత్రం చెబుతాను. నిన్న రాత్రి మా సిస్టమ్‌లో చేసి చూశాను కూడా.

మామూలు డ్రమ్స్ రికార్డింగులో దెబ్బ పడ్డ క్షణం, ఆ తర్వాతి క్షణం మధ్య చాలా తేడా ఉంటుంది. స్నేర్ దెబ్బ శిఖరం సగటు మట్టం కంటే 15, 20 డెసిబెల్స్ పైన ఉండొచ్చు. ఆ లూపుని డిస్టార్షన్‌లోకి (అలని నరికి శబ్దాన్ని గరుకు చేసేది) తోసి, దాన్ని ఇంకో డిస్టార్షన్‌లోకి తోశాను. శిఖరాలు తెగిపోయాయి. స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ చూస్తే చెక్కముక్కలా తయారైంది. శిఖరానికీ సగటుకీ తేడా 3, 4 డెసిబెల్స్‌కి పడిపోయింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న సందులో గది ప్రతిధ్వని, టేపు బుస, సింబల్ తోక, ఇన్నాళ్ళూ వినపడనివన్నీ పైకి లేచి దెబ్బతో సమానంగా అరుస్తున్నాయి. అంటే మీ చెవికి విశ్రాంతి దొరికే చోటు లేదు. అయినా బీటు తెలుస్తూనే ఉంటుంది. ఎందుకంటే దెబ్బ పడినప్పుడల్లా శబ్దం రంగు మారుతుంది, గట్టితనం మారకపోయినా.

ఇప్పుడు బేస్ సంగతి. కిక్ డ్రమ్ 50 హెర్ట్జ్ దగ్గర ఉందనుకోండి. అలని రెండు వైపులా సమానంగా నరికితే దాని బేసి గుణిజాలు పుడతాయి, 150, 250, 350 అలా. ల్యాప్‌టాప్ స్పీకర్ 50ని పలకలేదు. కానీ 150, 250, 350 వినగానే మెదడు ‘వీటి కింద 50 ఉండి తీరాలి’ అని తనే పూరించుకుంటుంది. అందుకే ఇంత చిన్న స్పీకర్లో కూడా అంత లావు శబ్దం విన్నట్టనిపిస్తుంది. బేస్ గిటార్ లేకపోయినా లోటు తెలియకపోవడానికి ఇది ఒక కారణం.

ఇంకోటి. నేను లూపుని కావాలని బారు పూర్తికాకముందే కొన్ని మిల్లీసెకన్లు తగ్గించి కోశాను. ప్రతి చుట్టులోనూ చివర ఒక చిన్న తడబాటు వస్తుంది. మొదట చిరాకు పెడుతుంది. కాసేపయ్యాక ఆ తడబాటు కోసమే చెవి కాచుకుని కూర్చుంటుంది. తలూపుడికి అసలు కారణం ఇదేనేమో అనిపించింది నాకు.

అన్నట్టు, బోరు రికార్డింగు నిజంగానే పంపండి సైలెన్స్ గారూ. పని ఉంది.

---

ఓరుగల్లు పోరడు | శనివారం, మధ్యాహ్నం 12:30

సార్, మీరు గిట్ల సదివిచ్చేటోళ్ళుంటే నేను ఫిజిక్స్ ఫెయిల్ కాకపోదును.

సరే, జెని గేవా ముచ్చట. 1987ల మొదలైన బ్యాండ్. కె.కె. నల్ అని గిటార్ వాయిస్తడు, పాడ్తడు, అంటే మొత్తుకుంటడు. ఈయన బ్యాండ్ పెట్టకముందు బుతో నాట్యం నేర్చుకున్నోడు, మిన్ తనకా దగ్గర. శరీరాన్ని మెల్లగ మెల్లగ ఇరుస్తున్నట్టుంటది ఆ నాట్యం. పాటల్ల గూడ అదే కనబడ్తది నాకు.

జోరీగ తమ్మీ, నువ్వు మెర్జ్‌బీట్ల బేస్ గిటార్ లేదన్నవ్ గద. వీళ్ళు రాక్ బ్యాండ్ అయ్యుండి గూడ బేస్ పెట్టుకోలె. రెండు గిటార్లు, ఒక డ్రమ్స్, అంతే. గిటార్లను కిందికి దించి, ఇద్దరు ఒకటే తీర్గ కొడ్తరు. 1993ల ‘డిజైర్ ఫర్ ఏగొనీ’ వచ్చింది ఆల్టర్నేటివ్ టెంటకిల్స్ నుంచి, రికార్డు చేసినాయన స్టీవ్ అల్బీని. ఆయన డ్రమ్స్ రికార్డింగ్ సంగతి మిక్సింగ్ సారుకు నాకంటె ఎక్కువ ఎర్కుంటది. ఎయిటో నోరో డ్రమ్స్ ఇను ఒక్కపారి. దెబ్బ పడ్డంక గది గూడ ఇనబడ్తది. మెర్జ్‌బీట్ల సందు లేదన్నరు గద సారు, ఇండ్ల సందే సంపుతది.

---

మిక్సింగ్ రూమ్ | శనివారం, మధ్యాహ్నం 12:52

సరిగ్గా పట్టుకున్నారు. అల్బీని మైకుల్ని డ్రమ్స్‌కి దగ్గరగానే కాదు, గదిలో దూరంగా కూడా పెట్టేవాడు. కంప్రెసర్ (గట్టి, మెత్తని శబ్దాల తేడా తగ్గించేది) వాడకం తక్కువ. అంటే జెని గేవా, మెర్జ్‌బీట్ రెండూ ‘హెవీ’నే గానీ చేరుకున్న దారులు పూర్తిగా ఎదురెదురు.

---

మృదంగం మాస్టారు (విజయవాడ) | శనివారం, సాయంత్రం 5:15

మా అబ్బాయి ఈ చర్చ చూపించి ‘నాన్నా, నువ్వేమంటావో చెప్పు’ అన్నాడు. విన్నాను, మొదటి రెండు ట్రాకులు. పూర్తిగా విన్నానని చెప్పను.

శబ్దం సంగతి పక్కన పెట్టండి, నాకు దానితో పేచీ లేదు. లయ అంటున్నారు కదా, అక్కడ కొంచెం ఆగాలి. ఒకే ముక్క తిరిగి తిరిగి రావడం ఆవృత్తి. ఆవర్తనం అనాలంటే దానికి లెక్క ఉండాలి. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు, ఎక్కడ ఎత్తుకున్నావో, ఎక్కడ దిగాలో వాయించేవాడికి, వినేవాడికి ఇద్దరికీ తెలియాలి. అప్పుడే తీర్మానం (ముగింపు జతి) వేసి సమానికి, అంటే ఆవర్తనం మొదలయ్యే దెబ్బకి, వచ్చి పడితే సభలో తల ఆడుతుంది. ఇందులో సమం ఎక్కడ? యంత్రం తిప్పుతోంది, మనిషి పైన ఇంకేదో చేస్తున్నాడు.

అయితే మిక్సింగు బాబు రాసిన తడబాటు నాకూ వినపడినట్టే అనిపించింది. మనకి అతీతం అని ఉంది, తాళం ఎత్తుకోకముందే పాట ఎత్తుకోవడం. అనాగతం అంటే తాళం పడ్డాక ఎత్తుకోవడం. లూపు ముందే తెగడం వల్ల ప్రతి చుట్టూ అతీతంలా వినపడుతోంది, చెవి వెంటనే సర్దుకుని దాన్నే సమం అనుకుంటోంది. అది బాగుంది. కావాలని చేశాడా, కుదిరిందా అనేది నాకు తెలియదు.

---

చెవిలో జోరీగ | శనివారం, సాయంత్రం 5:40

మాస్టారూ, మీరు రెండు ట్రాకులు వినడమే గొప్ప. మా నాన్న రెండు సెకన్లు విని ‘టీవీ కేబుల్ ఊడిందేమో చూడు’ అన్నారు.

ఒక్క మాట అడగనా? లెక్క వినేవాడికి తెలియాలన్నారు కదా. ఫర్గాటెన్ ల్యాండ్ మూడోసారి విన్నప్పటికి రొద ఎక్కడ ఎగదన్నుతుందో నాకు ముందే తెలుస్తోంది. అది చాలదా?

---

మృదంగం మాస్టారు | శనివారం, సాయంత్రం 6:02

అది కంఠతా పట్టడం నాయనా. తెలియని ఆవర్తనంలో కూడా సమం ఎక్కడొస్తుందో తెలియాలి.

---

టేపురీలు | శనివారం, రాత్రి 7:19

మాస్టారి మాట కాదనను గానీ, పైన రొద చేస్తున్న మనిషి లూపుతో సంబంధం లేకుండా చేస్తున్నాడనేది ఒప్పుకోను. రెండు చోట్ల రొద ఒక్కసారిగా తప్పుకుని లూపుని బట్టబయలు చేస్తుంది, మళ్ళీ కమ్మేస్తుంది. ఆ తప్పుకోవడం డ్రమ్మర్ చెయ్యి. తను డ్రమ్స్ దగ్గర కూర్చోకపోయినా ఎక్కడ వదలాలో తెలిసినవాడి పని అది.

ఒక సాక్ష్యం. 2009లో ‘13 జాపనీస్ బర్డ్స్’ అని వరస మొదలుపెట్టాడు, మళ్ళీ ఇంపార్టెంట్ నుంచే, నెలకో ఆల్బమ్ చొప్పున పదమూడు. జనవరిలో ‘సుజుమే’, అంటే పిచ్చుక. తర్వాత గుడ్లగూబ, కాకి, బాతు, కోడి అన్నీ వస్తాయి. అందులో అకితా తనే డ్రమ్స్ ముందు కూర్చుని వాయించాడు. యంత్రం లూపు కాదు. విపరీతంగా, ఫ్రీ జాజ్ వాటంలో.

పిట్టలు ఎందుకంటారా? ఆయన శాకాహారి, పాలూ గుడ్లూ కూడా ముట్టడు. జంతువుల హక్కుల గురించి పట్టుదల ఎక్కువ. 2000ల తర్వాత ఆల్బమ్ పేర్లు, కవర్లు చాలావరకూ ఆ చుట్టే తిరుగుతాయి.

---

సైలెన్స్ ప్లీజ్ | శనివారం, రాత్రి 7:33

జంతువులంటే అంత ప్రేమ ఉన్నాయన మనుషుల మీద కూడా కాస్త చూపించొచ్చు కదా.

---

నాంబా నాని (ఒసాకా) | శనివారం, రాత్రి 9:50

ఆలస్యంగా చూశాను, ఈ చర్చ నేను వదలకూడదు. ఉద్యోగరీత్యా ఒసాకాలో ఉంటున్నాను. మీరంతా టోక్యో మనిషి గురించే మాట్లాడుతున్నారు, కన్సాయ్ (ఒసాకా, క్యోటో ప్రాంతం) వాళ్ళు వింటే కోప్పడతారు. హిజోకైదాన్ అనే నాయిస్ బృందం ఈ ప్రాంతానిదే, 1979 నుంచి. దాని నాయకుడు జోజో హిరోషిగే 1984లో ఆల్కెమీ రికార్డ్స్ పెట్టాడు. జపాన్ నాయిస్‌లో సగం చరిత్ర ఆ లేబుల్ మీదే ఉంది.

ఒసాకాలోని నాంబాలో ‘బేర్స్’ అని నేలమాళిగలో ఒక లైవ్‌హౌస్ (చిన్న కచేరీ హాలు) ఉంది. బోర్‌డమ్స్ బ్యాండ్‌లో గిటార్ వాయించిన సేయిచి యమమోతో నడిపే చోటు. ఇలాంటి చిన్న చోట్ల నాయిస్ ప్రదర్శన ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే రికార్డులో వినే లయకీ అక్కడ చూసే లయకీ సంబంధం ఉంది.

ఒక మడత బల్ల. దానిమీద చిన్న మిక్సరు, పెడల్స్ వరసగా, వాటి మధ్య చిక్కుముడి వైర్లు. ఒకాయన ఇనుప రేకుకి కాంటాక్ట్ మైకు అతికించి గీకుతున్నాడు. ఇంకొకాయన దగ్గర వాయించడానికి వస్తువే లేదు. మిక్సరు అవుట్‌పుట్‌ని తిప్పి అదే మిక్సరు ఇన్‌పుట్‌లో పెట్టాడు. అది తన శబ్దాన్ని తనే మింగుతూ కూయడం మొదలెట్టింది. మధ్యలో డిలే పెడల్ (శబ్దాన్ని కాస్త ఆగి తిరిగి పలికించేది) ఉంది. డిలే 400 మిల్లీసెకన్లకి పెడితే ఆ కూత 400 మిల్లీసెకన్లకోసారి తిరిగొస్తుంది. అదే బీటు! నాబ్ కొంచెం తిప్పితే టెంపో మారుతుంది, పిచ్ కూడా జారుతుంది. ఎవరూ డ్రమ్ ముట్టుకోలేదు, అయినా నేల అదురుతోంది. కాబట్టి ‘లయ లేని నాయిస్’ అనేది చాలా అరుదు అని నా అభిప్రాయం. ఆసిలేటర్ (ఆగకుండా కూత పుట్టించే సర్క్యూట్) ఉన్నా, డిలే ఉన్నా, టేపు చక్రం ఉన్నా ఏదో ఒకటి తిరుగుతూనే ఉంటుంది. పల్స్ డీమన్ కూడా మళ్ళీ వినండి జోరీగ గారూ, ‘వుడ్‌పెకర్ నంబర్ 1’లో టకటకలు లేవా?

జనం మాత్రం కదలరు. చేతులు కట్టుకుని నిలబడి వింటారు, అయిపోయాక మర్యాదగా చప్పట్లు కొట్టి, ఆఖరి రైలు అందుకోడానికి పరుగెడతారు. వాయించేవాళ్ళకీ పొద్దున ఉద్యోగాలుంటాయి. ఇన్‌కెపాసిటెంట్స్ అనే నాయిస్ బృందంలో తోషిజి మికావా బ్యాంకు ఉద్యోగం చేస్తూనే వాయించాడని అందరికీ తెలిసిందే.

---

ఓరుగల్లు పోరడు | శనివారం, రాత్రి 10:04

బ్యాంకుల పన్జేస్కుంట గది జేస్తుండా?! మా మేనేజర్‌కు ఇనిపియ్యాలె.

నాని అన్నా, మీ ఒసాకాల నాయిస్ వాయించెటోడు ఒకడు జేసీబీ తోలుకుంట హాల్లకొచ్చిండంటరు, గా ముచ్చట నిజమేనా?

---

నాంబా నాని | శనివారం, రాత్రి 10:21

నిజమే, కానీ ఒసాకాలో కాదు. 1985 ఆగస్టులో టోక్యోలో హనతరాష్ అనే నాయిస్ బృందం ప్రదర్శన. యమత్సుకా ఐ బ్యాక్‌హో తోలుకుంటూ హాల్లోకి వచ్చేశాడు, గోడ పగిలింది. ఫొటోలు ఉన్నాయి. ప్రేక్షకులు ముందే ‘మాకేమైనా అయితే మాదే బాధ్యత’ అని కాగితం మీద సంతకం పెట్టి వచ్చారట.

నాకు అంతకంటే ఆసక్తిగా ఉండేది ఆ తర్వాతి కథ. అదే ఐ మర్నాటేడు బోర్‌డమ్స్ మొదలుపెట్టాడు. మొదట్లో అరుపులు, గందరగోళం. 90ల చివరికి వచ్చేసరికి బ్యాండ్ మొత్తం డ్రమ్స్ చుట్టూ చేరింది. 2007 జులై 7న, 7-7-07న, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో నది ఒడ్డున 77 మంది డ్రమ్మర్లని చుట్టలా కూర్చోబెట్టి వాయించారు. అంటే గోడలు బద్దలుకొట్టిన మనిషి చివరికి తేలింది డ్రమ్స్ దగ్గర. అకితా కూడా అటే వచ్చాడు. ఇద్దరూ వేరే వేరే ఊళ్ళ నుంచి, వేరే వేరే దారుల్లో. మెర్జ్‌బీట్‌ని ‘రాజీ’ అనేవాళ్ళు దీనికేమంటారు?

---

టేపురీలు | శనివారం, రాత్రి 10:40

అది! నేను పొద్దున చెప్పాలనుకుని కుదరక వదిలేసింది.

---

మోడరేటర్ | ఆదివారం, ఉదయం 7:00

డౌన్‌లోడ్ లింకు పెట్టిన పోస్టు తీసేశాం. మెర్జ్‌బో ఆల్బమ్స్ చాలా బ్యాండ్‌క్యాంప్‌లో డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. దయచేసి అక్కడ కొనండి.

---

చెవి డాక్టరమ్మ (గుంటూరు) | ఆదివారం, ఉదయం 9:25

సంగీతం గురించి నాకు చెప్పడానికేం లేదు, నేను పాత ఘంటసాల బాపతు. ఛాతీ మీద బరువు, నేల అదరడం అని రాస్తున్నారు కాబట్టి వచ్చాను.

85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు హద్దు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకీ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట. 100 దగ్గర పావుగంట. పల్స్ డీమన్ అన్నారు కదా, అది ఎంతసేపు?

---

టేపురీలు | ఆదివారం, ఉదయం 9:31

దాదాపు 73 నిమిషాలు మేడమ్.

---

చెవి డాక్టరమ్మ | ఆదివారం, ఉదయం 9:44

అయితే 94కి పైన అది పూర్తిగా వినే హక్కు ఎవరికీ లేదు. మామూలు పాటలో మెత్తని చోట్లు ఉంటాయి, చెవికి ఊపిరి ఆడుతుంది. మిక్సింగ్ గారు పైన రాసినట్టు సందులన్నీ పూడ్చేసిన శబ్దంలో అది ఉండదు, మీటరు ఎప్పుడూ పైనే ఉంటుంది. విన్నాక చెవిలో హోరు వస్తే, మాట దూరంగా వినపడితే, అది ‘కిక్కు’ కాదు, దెబ్బ తగిలిందని గుర్తు. మర్నాటికి తగ్గినట్టనిపించినా లోపలి నష్టం పేరుకుంటూ ఉంటుంది. లోపలి చెవిలో రోమకణాలు పోతే మళ్ళీ మొలవవు. ప్రదర్శనలకి వెళ్ళేవాళ్ళు ఇయర్‌ప్లగ్స్ లేకుండా వెళ్ళకండి.

---

నాంబా నాని | ఆదివారం, ఉదయం 10:10

అక్కా, ఇక్కడ అనుభవం ఉన్న శ్రోతలందరూ పెట్టుకునే వస్తారు. పెట్టుకోనివాళ్ళంతా కొత్తవాళ్ళే.

---

మిక్సింగ్ రూమ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

డాక్టర్ గారి మాటకి తోడుగా: స్ట్రీమింగ్‌లో వింటుంటే నార్మలైజేషన్ ఆన్‌లో ఉంచండి. స్పాటిఫై లాంటివి పాటల్ని మైనస్ 14 లఫ్స్ (గట్టితనానికి కొలత) దగ్గరికి సర్దుతాయి. ఇలాంటి ఆల్బమ్‌ని చాలా కిందికి దించేస్తుంది, పక్క పాటతో సమానం చేస్తుంది. ‘దమ్ము పోయింది’ అని కొందరు ఆపేస్తారు. దమ్ము పోలేదు, వాల్యూమే పోయింది. తగ్గించి విన్నప్పుడే పొరలు విడివిడిగా తెలుస్తాయి. మా మిక్సింగులో కూడా చివరి చెక్ ఎప్పుడూ తక్కువ వాల్యూములోనే.

బిట్‌రేటు మీద మాత్రం రాజీ పడకండి. ఎంపీ3 పనిచేసేదే ‘చెవికి ఎలాగూ వినపడదు’ అనుకున్నదాన్ని తీసేసి. నాయిస్‌లో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకేసారి నిండుగా ఉంటాయి, దేన్ని తీయాలో దానికి తోచదు. 128 కేబీపీఎస్‌లో పెడితే పైభాగం నీళ్ళలో ముంచి తీసినట్టు జావ జావగా అవుతుంది, దెబ్బ మొన మొద్దుబారుతుంది. మెర్జ్‌బీట్‌లో ఉన్నదే దెబ్బ. ఫ్లాక్ (ఏమీ తీసేయని ఫైలు రకం) కొనండి.

---

సైలెన్స్ ప్లీజ్ | ఆదివారం, మధ్యాహ్నం 2:48

చెత్తని ఫ్లాక్‌లో వినమని చెప్పే రోజు వస్తుందనుకోలేదు.

సీరియస్‌గా ఒకటి అడుగుతా. నేను హేళన చేస్తున్నానని కాదు. ఏ శబ్దమైనా సంగీతమే అనే వాదన నాకు అర్థం కాదు. అలాగైతే సంగీతానికి, రోడ్డు మీది రొదకి తేడా చెరిపేసినట్టే కదా?

---

టేపురీలు | ఆదివారం, మధ్యాహ్నం 3:20

అకితా చెప్పిన మాటగా ప్రతి వ్యాసంలో ఒకటి వేస్తారు, నాయిస్ అంటే ఇబ్బంది పెట్టే శబ్దమైతే తనకి పాప్ సంగీతమే నాయిస్ అని. విని విని అరిగిపోయింది, దాంతో మీకు జవాబు చెప్పను.

నా జవాబు వేరే. ఏ శబ్దమైనా సంగీతమే అని నేను అనడం లేదు. నాయిస్‌లోనూ మంచిది, చెడ్డది ఉంది. 80ల నుంచి ఇప్పటిదాకా వచ్చిన క్యాసెట్లలో ముప్పావు వంతు పారేయొచ్చు, అకితావి కూడా కొన్ని. ఆయన వందల సంఖ్యలో వేశాడు, అన్నీ ఆణిముత్యాలంటే నేనే నవ్వుతాను. మెర్జ్‌బీట్ రెండో సగం నాకు మొదటి సగమంత నచ్చదు, అక్కడ లూపు మీద పైరొద ఆధారపడి బద్ధకిస్తుంది. చూశారా, ఇలా మంచి చెడ్డలు విడదీసి మాట్లాడగలుగుతున్నామంటే తేడా చెరిగిపోలేదనే కదా.

---

సైలెన్స్ ప్లీజ్ | ఆదివారం, మధ్యాహ్నం 3:41

హ్మ్. ఈ జవాబు బాగుంది. వినను గానీ, బాగుంది.

---

ఓరుగల్లు పోరడు | ఆదివారం, సాయంత్రం 4:30

జోరీగ తమ్మీ, డిజైర్ ఫర్ ఏగొనీ ఇన్నవా లేదా?

---

చెవిలో జోరీగ | ఆదివారం, సాయంత్రం 5:12

విన్నా అన్నా. ‘డెడ్ కార్, సన్ క్రాష్’ దగ్గరే పడిపోయా. ఇది నాకు ఇంటిభాష. కానీ ఒక తేడా కనిపించింది. జెని గేవాలో బీటు ఆగినప్పుడు నేనూ ఆగుతున్నాను. మెర్జ్‌బీట్‌లో ట్రాక్ అయిపోయాక కూడా లూపు లోపల తిరుగుతూనే ఉంది, బస్సులో, ఆఫీసులో, మీటింగులో. ఇదేం రోగమో.

నాని గారు చెప్పాక పల్స్ డీమన్ కూడా మళ్ళీ పెట్టాను, తక్కువ వాల్యూములో, డాక్టరమ్మ గారి మీద ఒట్టు. ‘వర్మ్స్ ప్లాస్టిక్ ఎర్త్‌బౌండ్’ దాకా వెళ్ళాను. అది 25 నిమిషాలు ఉంటుందని ముందు ఎవరైనా చెప్పుండాల్సింది.

---

మృదంగం మాస్టారు | ఆదివారం, రాత్రి 8:05

ఈ మనిషి యంత్రంతో కాకుండా ప్రాణమున్న డ్రమ్మరుతో కలిసి చేసినవి ఉంటే చెప్పండి. ఎదుటివాడు సమం తప్పిస్తే ఈయనేం చేస్తాడో చూడాలని ఉంది.

---

నాంబా నాని | ఆదివారం, రాత్రి 8:22

ఉన్నాయి మాస్టారూ. హంగేరీ డ్రమ్మర్ బలాజ్ పాండీతో చాలా చేశాడు. ‘కట్స్’ (2013) వినండి, దానిలో స్వీడన్ సాక్సాఫోన్ కళాకారుడు మాట్స్ గుస్తాఫ్సన్ కూడా ఉన్నాడు.

---

టేపురీలు | ఆదివారం, రాత్రి 8:36

కట్స్ వద్దు, అందులో సాక్సాఫోన్ మధ్యలో దూరి మాస్టారి లెక్క చెడగొడుతుంది. ముందు ‘డక్స్: లైవ్ ఇన్ ఎన్‌వైసీ’ (2011) వినండి. పాండీ, అకితా ఇద్దరే, వేదిక మీద రికార్డు చేసింది. పాండీ ఎక్కడా ఒక చుట్టుని రెండోసారి అదేలా వాయించడు. సమం దొరికితే మాకూ చెప్పండి.